ముందు వంటగది తాళం తియ్యండి

ఈసారి మాట "పథ్యం". ఎప్పటిలాగే నిఘంటువు తీశాను. సంస్కృతంలో దారి అనే మాట నుంచి వచ్చిందట. దారికి తగినది, మేలు చేసేది అని అర్థం. మా అవ్వ వాడినప్పుడు మాత్రం అర్థం ఇంకా తేలిక. జ్వరం వచ్చినవాడికి ఇంట్లోవాళ్ళు వండి పెట్టేది పథ్యం. జ్వరం వచ్చినవాడు తనే లేచి వండుకునేది కాదు. ఈ తేడా కాస్త గుర్తుపెట్టుకోండి. ఈ నెల నా గొడవంతా దీని మీదే.

గొడవ ఏమిటంటే, డర్బన్‌లో మా గుడి వంటగది నుంచి ప్రతి శుక్రవారం యూనివర్సిటీ పిల్లలకు ఒక పూట భోజనం పెడతాం. అన్నం, షుగర్ బీన్స్ కూర, ఒక ఆకుకూర, పచ్చడి. ఎవరు వచ్చినా పెడతాం, ఏ కులం ఏ భాష అని అడగం. ఇప్పుడు కమిటీ ముందు ఒక ప్రతిపాదన ఉంది. ఆ డబ్బులో సగం తీసి ఆరోగ్యకరమైన ఆహారపు అలవాట్ల గురించి ఉపన్యాసాలు పెట్టించాలట, పోస్టర్లు వేయించాలట. కారణం అడిగితే, "మనం ఒక్క రోజు బీన్స్ పెడితే ఏం లాభం, మిగతా ఆరు రోజులు వాళ్ళు నూడుల్స్, చిప్స్, కోక్‌తోనే గడుపుతారు, ముందు మనసు మారాలి" అంటున్నారు. ఒక ఫారం కూడా అచ్చయింది. భోజనం వరుసలో నిలబడ్డ ప్రతి ఒక్కరూ నింపాలి. వచ్చే 30 రోజుల్లో కూరగాయలు ఎక్కువ తినడానికి నువ్వు సిద్ధంగా ఉన్నావా? వచ్చే 6 నెలల్లో? లేక ఆ ఆలోచనే లేదా?

నేను దీనికి వ్యతిరేకం. మీటింగులో ఇంగ్లీషులో మూడు నిమిషాలు మాట్లాడనిస్తారు. ఇక్కడ తెలుగులో తీరిగ్గా చెప్పుకుంటాను. ఇంగ్లీషులో నాకు కోపం ముందు వస్తుంది, మాట తర్వాత వస్తుంది. తెలుగులో ఒక్కొక్క మాటా వెతుక్కోవాలి కాబట్టి ఈలోపు కోపం కొంచెం చల్లారుతుంది. పూర్తిగా కాదు.

ముందు ఆ ఫారం సంగతి. "సిద్ధంగా ఉన్నావా" అనే ఈ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో చూశాను. ప్రొచాస్కా, డిక్లెమెంటె అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు సిగరెట్లు మానేవాళ్ళ మీద చేసి 1983లో అచ్చువేసిన పరిశోధన దీనికి పునాది. మనిషి ఒక్కసారిగా మారడు, మెట్లు మెట్లుగా మారతాడు అన్నారు వాళ్ళు. మొదటి మెట్టులో ఆలోచనే ఉండదు. తర్వాత ఆలోచన, తర్వాత తయారీ, ఆ తర్వాత పని. ఆలోచన మంచిదే. మా తమ్ముడు సిగరెట్లు మూడుసార్లు మానాడు, మెట్లు ఉన్నాయని నాకూ తెలుసు, కిందికి దిగే మెట్లు కూడా ఉన్నాయి. కానీ సిగరెట్ మానడానికి పొయ్యి అక్కర్లేదు. కుండ అక్కర్లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు. ఎంత కష్టమైనా అది ఒక పని మానెయ్యడం. పప్పు తినడం అంటే మానడం కాదు, చెయ్యడం. దానికి పప్పు ఉండాలి, నిప్పు ఉండాలి, గంట సమయం ఉండాలి. మా ఫారంలో 22 ప్రశ్నలు ఉన్నాయి. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. పొయ్యి గురించి ఒక్కటి కూడా లేదు.

ఇంకో మాట. ఆకలితో గిన్నె పట్టుకుని వరుసలో నిలబడ్డ మనిషిని, కూర గరిటె అవతల నిలబడి "నువ్వు మారతావా" అని అడిగితే ఏమంటాడు? అవుననే అంటాడు. సన్యాసం తీసుకుంటావా అన్నా అవుననే అంటాడు. ఆ జవాబులకు ఏం విలువ? ఫారం తయారుచేసిన అమ్మాయి మంచి పిల్ల, చదువు కోసం చేసింది, ఆమె మీద నాకు కోపం లేదు. దాన్ని భోజనానికి టికెట్‌లాగా మార్చినవాళ్ళు నా వయసువాళ్ళు. వాళ్ళ మీదే నా కోపం.

నా వయసువాళ్ళ ముఖ్యమైన వాదన "మా రోజుల్లో" అని మొదలవుతుంది. మా రోజుల్లో మేం ఇంటి తిండే తిన్నాం, బయట తినలేదు, మాకు నిగ్రహం ఉండేది. సరే, మా రోజుల సంగతి చూద్దాం. నేను 1979లో వెస్ట్‌విల్ కొండ మీది యూనివర్సిటీలో చేరాను. అది అప్పటి ప్రభుత్వం ఇండియన్లకు వేరుగా పెట్టిన చదువు. మొదట 1961లో సాలిస్‌బరీ ద్వీపంలో పాత నౌకాదళపు బ్యారక్‌లలో మొదలుపెట్టి, 1972లో వెస్ట్‌విల్‌కు మార్చారు. నా తరగతిలో చాలామంది చాట్స్‌వర్త్ నుంచి, ఇతర ఇండియన్ పేటల నుంచి బస్సులో వచ్చి, సాయంత్రం బస్సులో ఇంటికి పోయేవాళ్ళమే. మధ్యాహ్నానికి రొట్టెలో చుట్టిన ఆలుగడ్డ కూర. జామ్ సీసాలో పప్పు. ఆ రొట్టె కోసం మా అమ్మ నాలుగింటికి లేచేది. మా అవ్వ ముందు రాత్రే బీన్స్ నానబెట్టేది. నేను అయిదున్నరకు లేచి, తల దువ్వుకుని, సీసా సంచిలో వేసుకునేదాన్ని. దీన్ని ఇప్పుడు నా నిగ్రహం అంటే మా అమ్మ పైనుంచి నవ్వుతుంది. నిగ్రహం ఆమెది. నిద్ర మానింది ఆమె.

ఇప్పుడు మా వరుసలో నిలబడే పిల్లలు నొంగోమా నుంచి, ఉలుండి నుంచి, పోర్ట్ షెప్‌స్టన్ అవతలి పల్లెల నుంచి వస్తారు. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళ పిల్లలకు పై చదువు ఉచితం అని 2017 డిసెంబరులో ప్రకటించారు. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కినవాళ్ళు వీళ్ళలో చాలామంది. ఉండేది రెస్‌లో. రెస్ అంటే ఇక్కడ విద్యార్థుల వసతి భవనం. కొన్ని యూనివర్సిటీవి, చాలా మటుకు ఊళ్ళో ప్రైవేటువాళ్ళు పాత కట్టడాలను గదులుగా మార్చి అద్దెకిచ్చినవి. నేను చూసిన ఒక రెస్‌లో అంతస్తుకు ఒక స్టవ్, దానికి నాలుగు ప్లేట్లు, అందులో పనిచేసేవి రెండు. గదిలో హాట్‌ప్లేట్ పెట్టుకోకూడదని గోడ మీద నోటీసు. నిప్పు భయం, అది న్యాయమే. అయితే షుగర్ బీన్స్ ఉడకడానికి గంటన్నర పడుతుంది. కుండ పొయ్యి మీద పెట్టి చదువుకోవడానికి గదికి పోతే, తిరిగొచ్చేసరికి బీన్సూ ఉండవు, కుండా ఉండదు. రెండు నిమిషాల నూడుల్స్‌కు కెటిల్ నీళ్ళు చాలు. ఇది చెడు అలవాటు అంటారా? ఇది లెక్క. లెక్కల్లో మంచి మార్కులు వచ్చే కదా యూనివర్సిటీకి వచ్చారు.

లెక్క అన్నాను కాబట్టి పన్ను లెక్క కూడా చూడండి. మా దగ్గర వ్యాట్ 15 శాతం. కొన్ని తిండి వస్తువులకు మాత్రం సున్నా. మొక్కజొన్న పిండి, శాంప్ అనే దంచిన మొక్కజొన్న, ఎండు బీన్స్, పప్పులు, బియ్యం, బ్రౌన్ బ్రెడ్, పాలు, గుడ్లు, కూరగాయలు, పళ్ళు, టిన్ను చేప ఆ జాబితాలో ఉన్నాయి. మంచి జాబితా. మా అవ్వ రాసినట్టే ఉంది. కిరసనాయిలుకు కూడా సున్నా. కరెంటుకు మాత్రం పూర్తి పన్ను. అంటే పచ్చి బీన్స్ మీద ప్రభుత్వం దయ చూపించింది, వాటిని ఉడికించే వేడి మీద చూపించలేదు. పైగా జాబితాలో చవకైనవి చాలావరకు వండితే గానీ తినలేనివి. పొయ్యి ఉన్నవాడికే ఆ దయ అందుతుంది.

వార్విక్ జంక్షన్ దగ్గర ఎర్లీ మార్నింగ్ మార్కెట్ ఉంది. డర్బన్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ తరగతుల నుంచి నడిచి పోవచ్చు. 2009లో ఆ మార్కెట్ తీసేసి మాల్ కడతామని నగరపాలకులు అంటే వ్యాపారులు ఎదురు తిరిగి నిలబెట్టుకున్నారు. టమాటాలు, వంకాయలు, ఆకుకూరలు కుప్పల లెక్కన అమ్ముతారు, సూపర్‌మార్కెట్ కంటే చవక. ఉడికించిన మొక్కజొన్న పొత్తులు అమ్మే ఆడవాళ్ళు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటారు. పిల్లలు అవి కొంటారు, నేను చూశాను. టమాటాల కుప్ప మాత్రం కొనరు. ఫ్రిజ్ లేని గదిలో కుప్పెడు టమాటాలు డర్బన్ ఫిబ్రవరి ఎండలో ఏమవుతాయో చెప్పక్కర్లేదు.

"వాళ్ళకు మంచి తిండి అంటే ఏమిటో తెలీదు" అని ఒక పెద్దమనిషి మీటింగులో అన్నాడు. వాళ్ళు అంటే ఎవరో ఆయన చెప్పలేదు, గదిలో అందరికీ అర్థమైంది. ఆయనకు నా జవాబు ఇది. ఒక శుక్రవారం మేం తోటకూర వండాం. నొంగోమా నుంచి వచ్చిన ఒక అమ్మాయి కుండలోకి చూసి "ఇంబుయా!" అంది. అదే ఆకు. వాళ్ళ అమ్మమ్మ చేలో ఏరి, మొక్కజొన్న పిండితో కలిపి వండుతుందట. అలా వండిన ఆకుకూరలను ఇమిఫినో అంటారు. గుమ్మడికాయతో చేసే ఇసిజింగీ గురించి చెప్పింది. శాంప్, బీన్స్ కలిపి ఉడికించడం చెప్పింది. వాళ్ళు అమడుంబే అనేది మన చామదుంపే. అంటే ఈ అమ్మాయి మంచి తిండి తినే ఇంటి నుంచి వచ్చి, మా నగరంలో మొదటి ఏడాదిలోనే నూడుల్స్ నేర్చుకుంది. అలవాటు చెడిపోయింది నిజమే. చెడగొట్టింది ఆ పిల్ల కాదు. అలాంటి పిల్లను కూర్చోబెట్టి "ఆకుకూరల ప్రాముఖ్యం" మీద మనం నలభై నిమిషాలు ఉపన్యాసం ఇస్తామా? నాకు సిగ్గేస్తుంది.

మనుషులు తిండి మార్చుకోరు అనేవాళ్ళకు నేను మన కుటుంబాలనే చూపిస్తాను. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి ఇక్కడి రేవుకు మొదటి కూలీలను తెచ్చింది. 1911 దాకా ఓడలు వస్తూనే ఉన్నాయి. చెరకు తోటల్లో వాళ్ళకు రేషన్ ఇచ్చేవారు. బియ్యం, పప్పు, ఉప్పు చేప, నూనె లేదా నెయ్యి, ఉప్పు. బియ్యం బదులు మొక్కజొన్న పిండి కూడా ఇచ్చేవారు. మార్పుకు సిద్ధమా అని వాళ్ళను ఎవరూ ఫారం నింపమనలేదు. వచ్చినదాన్ని వండారు. మొక్కజొన్నను బియ్యంలా నూకగా విరిచి మీలీ రైస్ అన్నారు. ఇప్పుడు మా గుళ్ళల్లో అమ్మవారికి పోసే పుల్లటి అంబలి కూడా మొక్కజొన్న పిండితోనే. షుగర్ బీన్స్ కూర, టిన్ను చేప పులుసు, బ్రెడ్‌లో కూర పోసిన బన్నీ చౌ, ఇవి ఏవీ అవ్వ వాళ్ళ అవ్వ చిత్తూరు వైపు నుంచి మూటకట్టి తెచ్చినవి కావు. ఇక్కడ దొరికినవాటితో కట్టుకున్న వంట ఇది. ఈ రోజు మనం "మన సంప్రదాయ భోజనం" అని గర్వంగా పెట్టేది, సరుకు మారితే తిండి మారిందనే దానికి సాక్ష్యం. నేను ఆ రేషన్‌ను మెచ్చుకోవడం లేదు, అది దయ కాదు, కాంట్రాక్టు. మార్పు ఎటునుంచి వస్తుందో చెప్తున్నాను.

ఇంకా దగ్గరి ఉదాహరణ పుర్టాసి. ఇది తమిళ నెల పేరు, కానీ ఇక్కడి తెలుగువాళ్ళం కూడా అలాగే అంటాం. సెప్టెంబరు నడిమి నుంచి అక్టోబరు నడిమి దాకా, వెంకటేశ్వర స్వామికి. ఆ నెల మాంసం, చేప, గుడ్డు ముట్టరు. శనివారం శనివారం గోవిందా పూజ. ఏడాదంతా మటన్ బన్నీ చౌ తప్ప ఇంకోటి తినలేను అనే కుర్రాడు, అదే మనిషి, నెల రోజులు పప్పు, బీన్స్, వంకాయ తింటాడు. గొణుగుతాడు, కానీ తింటాడు. ఎందుకు? ఆ నెలలో వాడి మనసు ఏ మెట్టు ఎక్కింది? ఏ మెట్టూ ఎక్కలేదు. ఇంట్లో వేరే వంట లేదు, అంతే. కుండలు తోమి కొత్తగా మొదలుపెడతారు. చిన్నాన్న ఇంట్లోనూ అదే, పక్కింట్లోనూ అదే. బేకరీవాడు కూడా గుడ్డు లేని కేకు చేసి పెడతాడు. ఒక్కడు మారడం కష్టం, ఇల్లంతా మారితే ఆ ఒక్కడికి మారడం తప్ప దారి ఉండదు. భక్తి లేదని నేను అనను. భక్తికి కూడా వంటవాళ్ళు కావాలి అంటాను.

తీపి నీళ్ళ సంగతీ అంతే. 2018 ఏప్రిల్ 1 నుంచి మా దేశంలో చక్కెర పానీయాల మీద పన్ను వేశారు. 100 మిల్లీలీటర్లకు 4 గ్రాములు దాటిన ప్రతి గ్రాముకూ కట్టాలి. కంపెనీలు ఏం చేశాయి? సీసాల్లో చక్కెర తగ్గించాయి. తాగేవాడికి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, అయినా వాడి కడుపులోకి పోయే చక్కెర తగ్గింది. మా బంధువుల్లో చెరకు రైతులు ఉన్నారు, వాళ్ళ ముందు ఈ పన్ను మాట ఎత్తితే టీ కూడా ఇవ్వరు. అది ఇంకో రోజు తగాదా.

మారని పిల్లలు అసలు లేరా? ఉన్నారు. నాన్న కొనిచ్చిన కారులో తిరుగుతూ రోజూ వేపుడు చికెన్ కొనుక్కునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు ఉపన్యాసం అవసరమేమో, ఇవ్వండి. కానీ వాళ్ళు మన శుక్రవారం వరుసలో ఉండరు. మన పోస్టర్ చదివేది, 25వ తేదీకే డబ్బు అయిపోయి, సాయం డబ్బు ఇంకా పడక, ఫోన్ చూసుకుంటూ నిలబడ్డ పిల్ల. "పళ్ళు రోజుకు అయిదుసార్లు" అని ఆ పిల్ల కళ్ళ ముందు రంగుల్లో రాసి పెట్టడం నాకు పుణ్యంగా కనిపించడం లేదు.

మన సొంత వంట గురించి కూడా ఒక మాట, ఎలాగూ నాతో మాట్లాడటం మానేస్తారు కాబట్టి. పూజ రోజున మనం పెట్టే పళ్ళెం చూడండి. తెల్లన్నం గుట్ట, ఆలుగడ్డ, వడ, పాయసం, లడ్డు, పక్కన ఫిజీ డ్రింక్. ఆ పళ్ళెం అవతల నిలబడి చక్కెర గురించి ఉపన్యాసం ఇచ్చేవాడికి చాలా ధైర్యం ఉండాలి. మా కమిటీలో అంత ధైర్యవంతులు ముగ్గురు ఉన్నారు.

నేను అడుగుతున్నది ఇది. ఉపన్యాసాల డబ్బు వంటగదిలో పెట్టండి. మన వెనక వంటగది వారంలో నాలుగు రోజులు తాళం వేసి ఉంటుంది. రెండు పెద్ద గ్యాస్ పొయ్యిలు, ఎనిమిది కుండలు, ఒక నిలువు ఫ్రిజ్, అన్నీ చీకట్లో కూర్చుని ఉంటాయి. మంగళవారం, బుధవారం సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా తియ్యండి. బీన్స్ మనం నానబెట్టి ఉంచుతాం. ఉల్లిపాయలు, టమాటాలు, ఎండుమిర్చి, జీలకర్ర మనవి. పిల్లలు వచ్చి వండుకుంటారు, మూడు రోజులకు సరిపడా డబ్బాల్లో పెట్టుకుంటారు, పేరు రాసి మన ఫ్రిజ్‌లో ఉంచుకుంటారు. తిరగమోత వెయ్యడం రానివాళ్ళకు మనం చూపిస్తాం. ఇమిఫినో వండటం రాని మనకు వాళ్ళు చూపిస్తారు.

అభ్యంతరాలు నాకు తెలుసు. మాంసం తెస్తారు అంటారు. మూడేళ్ళుగా శుక్రవారాలు వస్తున్నారు, గుమ్మం బయట చెప్పులు మనకంటే వరుసగా పెడతారు. లోపల మాంసం, గుడ్డు వద్దని ఒక్కసారి చెప్తే చాలు. ఇన్సూరెన్స్ అంటారు. గ్యాస్ సర్టిఫికెట్ ఆఫీసు గోడకు వేలాడుతోంది, తేదీ చూసుకోండి. సామాన్లు పోతాయి అంటారు. పోయిన ఏడాది మనకు పోయిన ఇత్తడి గంగాళం ఎవరి పెళ్ళికి పోయి తిరిగి రాలేదో అందరికీ తెలుసు, అది తీసుకుపోయినవాడు విద్యార్థి కాదు. ఇలా ఒక పూటకు అలవాటు పడితే వాళ్ళు మన మీదే ఆధారపడతారు అంటారు. నేను ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా మా అమ్మ మీద ఆధారపడ్డాను. తర్వాత ఉద్యోగం చేశాను, పన్ను కట్టాను, ఇప్పుడు మీ గుడి గిన్నెలు తోముతున్నాను.

ఓటు వచ్చే నెల రెండో ఆదివారం, పూజ తర్వాత. కమిటీలో లేనివాళ్ళు కూడా వచ్చి కూర్చోవచ్చు, మాట్లాడాలంటే ముందే పేరు ఇవ్వాలి. ఆ లోపల శుక్రవారం భోజనం మామూలుగానే ఉంటుంది, ఫారం లేకుండా. నా చేతిలో గరిటె ఉన్నంతసేపు వరుసలో ఎవరికీ కాగితం ఇవ్వను. ఈ గురువారం రాత్రి ఏడింటికి బీన్స్ ఏరి నానబెట్టడానికి ఇద్దరు కావాలి. ఒకరికైనా ఆ పాత అల్యూమినియం కుండ ఎత్తగల నడుము ఉండాలి, నాది ఇక ఒప్పుకోవడం లేదు.